పెరట్లో కట్టిన చెక్క పడవ: సమస్యలు, కారణాలు, మరమ్మతులు

హైదరాబాదులో ఇంటి పెరట్లో పడవ కట్టేవారు ఎక్కువగా ఎంచుకునేది ప్లైవుడ్ పలకలను తీగతో కుట్టి, అతుకులను ఎపాక్సీతోనూ ఫైబర్ గ్లాస్ పట్టీతోనూ బిగించే పద్ధతి. ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు భాగాలను కలిపితే గట్టిపడే జిగురు. ఎనిమిదడుగుల చిన్న పడవకు 6 మి.మీ. పలకలు రెండు మూడు సరిపోతాయి. ఈ పనిలో తలెత్తే లోపాలలో చాలావరకు వడ్రంగం వల్ల వచ్చేవి కావు. విదేశాలలో గీసిన ప్లాన్లలో ఎపాక్సీ పనికి చెప్పిన సమయాలను, ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలోనూ గాలి చెమ్మగా ఉండే వానాకాలంలోనూ యథాతథంగా పాటించడం వల్ల వచ్చేవే ఎక్కువ. వీలుంటే నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పని పెట్టుకోవడం మేలు. అలా కుదరనివారికి ఈ కింది విషయాలు పనికివస్తాయి.

కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే వేడెక్కి పొగలు కక్కుతోంది

ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. లోతైన డబ్బాలో ఆ వేడి బయటికి పోలేక, గట్టిపడే వేగాన్ని మరింత పెంచుతుంది. పైగా వాతావరణం 10 డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా పని చేసుకునే వ్యవధి దాదాపు సగానికి తగ్గుతుంది కనుక, 25 డిగ్రీల దగ్గర అరగంట అని డబ్బా మీద రాసి ఉన్నది 40 డిగ్రీల ఎండలో పది నిమిషాలకు మించదు. ఒక్కో విడత నూరు గ్రాములకు మించకుండా కలిపి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోయాలి. నెమ్మదిగా గట్టిపడే రకం హార్డెనర్ కొనాలి, డబ్బాలను ఇంట్లో చల్లని గదిలో ఉంచాలి. పొగ మొదలైన డబ్బాను చెత్తబుట్టలో పడేయకుండా ఆరుబయట ఇసుక మీద పెట్టి దూరంగా జరగాలి.

వేడికి విరుగుడుగా హార్డెనర్ తగ్గించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఫైబర్ గ్లాస్ పనిలో వాడే మరో రకం జిగురైన పాలియెస్టర్ రెజిన్‌తో పనిచేసేవారికి గట్టిపరిచే ద్రవాన్ని ఎక్కువ తక్కువలు చేసి వాడడం అలవాటు, ఆ రెజిన్‌కు అది కొంతవరకు చెల్లుతుంది కూడా. ఎపాక్సీకి మాత్రం చెల్లదు. అందులో రెండు భాగాలూ నిర్ణీత పాళ్లలోనే కలిసి గట్టిపడతాయి.

రెండు రోజులైనా పూత జిడ్డుగా ఉంది

బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. గోరు దిగకుండా పైన మాత్రమే మైనం రాసినట్టు జారుతుంటే, అది గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ హార్డెనర్‌తో కలిసి ఏర్పరచిన పొర. వానాకాలంలో ఇది తరచుగా కనిపిస్తుంది. మంచినీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడిగితే పోతుంది. కడగకుండా గరుకు కాగితం పడితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి, తరువాతి పూత అంటుకోదు. థిన్నర్‌తో తుడిస్తే జిడ్డు పోదు, అంతటా పరుచుకుంటుంది. గోరు మెత్తగా లోపలికి దిగితే మాత్రం పాళ్లు తప్పినట్టే. దానిని ఎన్నాళ్లు ఆరబెట్టినా ప్రయోజనం లేదు. మొత్తం గీకేసి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ వేయవలసిందే. ఘనపరిమాణంలో ఇచ్చిన పాళ్లను బరువులో తూచడం ఈ పొరపాటుకు సాధారణ కారణం, ఆ రెండూ ఒకటి కావు.

పూతలో సన్నని బుడగలు

పొద్దున వేసిన పూతలో ఇవి వస్తాయి. ఎండ ఎక్కేకొద్దీ చెక్క రంధ్రాలలోని గాలి వ్యాకోచించి, ఇంకా ఆరని పూతలోంచి పైకి వస్తుంది. మొదటి పూతను సాయంత్రం, చెక్క చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ గాలి ముడుచుకుని ఎపాక్సీని లోపలికి లాగుతుంది.

పలక పొరలు విడిపోతున్నాయి

కొన్న ప్లైవుడ్ రకం తెలుసుకోండి. పడవలకు పనికివచ్చే మెరైన్ ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉంటుంది. వంటింటి అరలకు వాడే బీడబ్ల్యూఆర్ (బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్) రకం ఐఎస్ 303 కిందికి వస్తుంది, పడవ అడుగుకు దానిని నమ్మలేము. ముద్ర ఉన్నా సరే, ఒక చిన్న ముక్కను కొన్ని గంటలు నీళ్లలో ఉడికించి, ఆరిన తరువాత ఉలి మొనతో పొరలను కదిపి చూడడం నా దృష్టిలో తప్పనిసరి. విడిపోయిన భాగం చిన్నదైతే దానిని కోసి తీసి, మందానికి ఎనిమిది రెట్ల వాలుతో అంచులను చిత్రిక పట్టి, కొత్త ముక్క అతికించవచ్చు. రెండు మూడు చోట్ల విడిపోతుంటే ఆ పలకను మార్చడమే చౌక.

పడవ మెలి తిరిగింది

ముందొకటి, వెనకొకటి వంకర లేని పట్టెలు అడ్డంగా పెట్టి చివరి నుంచి చూస్తే మెలిక కనిపిస్తుంది. పెరటి నేల సమంగా ఉండదు కనుక, తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టంతో స్టాండ్లను సరిచేసుకోవాలి. తీగ కుట్లు మాత్రమే ఉన్న దశలో కొన్నింటిని వదులు చేసి సరిదిద్దవచ్చు. అతుకులు గట్టిపడ్డాక కొద్దిపాటి మెలికను అలాగే వదిలేయడం మంచిది.

పడవలోకి నీరు వస్తోంది

నీటిమీదికి తీసుకువెళ్లి వెతకడం కంటే పెరట్లోనే వెతకడం సులువు. పడవను స్టాండ్ల మీద పెట్టి, బయటి అతుకుల పొడవునా పొడి ముగ్గుపిండి చల్లి, లోపల రెండంగుళాల నీరు పోయండి. చదరపు మీటరుకు సుమారు యాభై కిలోల బరువు పడుతుంది కనుక అడుగున అదనంగా ఆనికలు ఉండాలి. కాసేపటికి తెల్లని పిండిలో ఒకచోట బూడిదరంగు చుక్క తేలి, క్రమంగా కిందికి గీతలా సాగుతుంది. గీత కొస దగ్గర కాదు, చుక్క మొదట తేలినచోట గుర్తు పెట్టుకోవాలి. తీగ తీసేసిన రంధ్రాలు, వెనుక పలక మూలలు, అడుగు పట్టీ స్క్రూలు మొదట అనుమానించవలసిన చోట్లు. ఇనుప స్క్రూలు తుప్పు పట్టి చుట్టూ చెక్క నల్లబడి ఉంటే, వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి ఎపాక్సీలో ముంచి బిగించాలి.

మరమ్మతు బయటివైపు నుంచే చేయాలి. లోపలివైపు వేసిన పట్టీని బయటి నీటి ఒత్తిడి ఊడదీయాలని చూస్తుంది, అంతేకాక నీరు చెక్కలో నిలిచిపోతుంది. నీడలో కొన్ని రోజులు పూర్తిగా ఆరనిచ్చి, రంగును చెక్క కనిపించేదాకా గీకి, సన్నని చెక్కపొడి కలిపిన ఎపాక్సీతో నింపి, పైన ఫైబర్ గ్లాస్ పట్టీ వేయాలి. గోడలకు పెట్టే లప్పం నీటిలో నిలవదు.

ఎండలో ఉంచాక వచ్చే లోపాలు

రంగు వేయని ఎపాక్సీ సూర్యకాంతికి పసుపెక్కి, పెళుసుబారుతుంది. పెయింటు గానీ, అతినీలలోహిత కిరణాలను ఆపే వార్నిష్ గానీ తప్పదు. తేలడానికి కట్టిన గాలి అరల మూతలు బిగించి ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు విడిపోతాయి, కనుక ఒడ్డున ఉన్నప్పుడు మూతలు తీసి ఉంచాలి. పడవను నేలకు ఆనించకుండా ఇటుకల మీద బోర్లించకపోతే చెదలు పట్టవచ్చు.

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల క్లబ్బులు ఉన్నాయి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తాగునీటి జలాశయాలు. ఎక్కడైనా అనుమతి అడిగిన తరువాతే పడవ దింపండి. మొదటిసారి ఒడ్డుకు తాడుతో కట్టి, మనుషులెవరూ ఎక్కకుండా అరగంట తేలనిచ్చి, గాలి అరల మూతలు తీసి లోపల తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి. తడి లేకపోతే లైఫ్ జాకెట్ తొడుక్కుని ఒక్కరే ఎక్కండి.