నోటు పుస్తకంలో టిక్కు, సంతకం కాకుండా ఏం రాయాలి?

ఆరో తరగతి భిన్నాల లెక్క ఒకటి చూడండి. 1/2 + 1/3 ఎంత అంటే ఒక పాప 2/5 అని రాసింది. లవానికి లవం, హారానికి హారం కలిపేసింది. మామూలుగా ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి, పక్కన 5/6 అని రాసి, కింద సంతకం చేస్తాం. పాప ఆ 5/6ను ఎక్కించుకుంటుంది. మర్నాడు 1/4 + 1/5 ఇస్తే మళ్లీ 2/9 అంటుంది.

అక్కడ ఇలా రాయండి: "సగానికి ఇంకొంత కలిపావు కదా. 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? బొమ్మ గీసి చూడు. తర్వాత హారాల క.సా.గు. తీసి మళ్లీ చెయ్యి." జవాబు మనం చెప్పలేదు. తన జవాబు ఎందుకు కుదరదో పాపే కనిపెడుతుంది, వెంటనే చేయడానికి ఒక పనీ ఉంది. "ఇంకా బాగా చేయాలి", "శ్రద్ధ లేదు" లాంటివి చదివి ఏ పిల్లవాడూ ఏ వరుసనూ సరిచేసుకోలేడు.

నలభై పుస్తకాల్లో ఇంతింత రాయడం ఎవరివల్లా కాదు, రాయనక్కర్లేదు కూడా. ముందు పెన్ను పక్కన పెట్టి ఒక్కో పుస్తకం అర నిమిషం చూడండి. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. చూస్తూనే తప్పును బట్టి కుప్పలు పెట్టండి. 3/4 + 1/6 లెక్కయితే 4/10 అని రాసినవాళ్లు ఒక కుప్ప. క.సా.గు. 12 తీసి, లవాలు మార్చకుండా 3/12 + 1/12 = 4/12 అన్నవాళ్లు రెండోది. 9/12 + 2/12 దాకా వచ్చి కూడికలో జారినవాళ్లు మూడోది. 11/12 తెచ్చినవాళ్లు నాలుగోది.

మొదటి కుప్పకు పైన పాపకు రాసినలాంటి వ్యాఖ్యే చాలు. ఎక్కువ మనసు పెట్టాల్సింది రెండో కుప్ప మీద. పద్ధతి వచ్చినట్టే కనిపిస్తుంది గానీ, 3/4, 9/12 ఒకటేనన్న సంగతి వాళ్లకు ఇంకా పట్టుబడలేదు. పద్ధతి మళ్లీ వల్లించినా లాభం ఉండదు. కాగితాన్ని నాలుగు సమాన భాగాలు వచ్చేలా మడత వేయించి, మూడు భాగాలకు రంగు వేయించి, ఒక్కో భాగాన్ని మూడేసి ముక్కలు చేయమనండి. రంగు ముక్కలు తొమ్మిదని వాళ్లే లెక్కపెడతారు. మూడో కుప్పకు తప్పిన వరుస కింద గీత గీస్తే చాలు. నాలుగో కుప్పను టిక్కుతో వదిలేయకండి: "హారం 24 తీసుకున్నా ఇదే వస్తుందా?" అని అడగండి. పుస్తకంలో కుప్ప అంకె మాత్రం వేసి, వ్యాఖ్యలు నాలుగూ బోర్డు మీద రాయండి.

మార్కును, వ్యాఖ్యను పక్కపక్కన పెట్టకండి. పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కు కూడా తోడైతే ఆ లాభం దక్కలేదు. స్లిప్ టెస్టు మార్కులు రిజిస్టరులో వేసుకోండి, పేపరు మీద వ్యాఖ్య రాయండి, మార్కు మర్నాడు చెప్పండి.

అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది: దిద్దుకునే సమయం. బెల్లు కొట్టే ముందు పంచిన పుస్తకాలు నేరుగా సంచిలోకి పోతాయి. పీరియడ్ మొదట్లోనే ఇచ్చి పది నిమిషాలు కేటాయించండి. రబ్బరు వాడనివ్వకండి, పాత లెక్క అలాగే ఉంచి, కిందే మళ్లీ చేయాలి. "ఎన్ని మార్కులొచ్చాయి సార్?" బదులు "ఏ వరుసలో పోయింది సార్?" అని అడగడం అలవాటు చేయండి.

ఎవరి తప్పునూ తరగతిలో పేరుపెట్టి చదవకండి, పక్కవాడితో పోల్చకండి. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా ఫలితాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. దృష్టి పని మీది నుంచి మనిషి మీదికి మళ్లినప్పుడు ఫలితం బలహీనపడుతుందని వాళ్లు తేల్చారు. "నువ్వు తెలివైనదానివమ్మా" అనే పొగడ్తకూ ఇది వర్తిస్తుంది. "క.సా.గు. తీసే ముందు జవాబు అంచనా వేశావు, అది బాగుంది" అనండి.

పిల్లల దగ్గర మనం తీసుకోవాల్సిన ఫీడ్‌బ్యాక్ కూడా ఉంది. "అర్థమైందా?" అంటే తరగతంతా "అర్థమైంది సార్" అనే అంటుంది. చివరి మూడు నిమిషాల్లో పేరు లేని చీటీ మీద "ఇవాళ ఎక్కడ ఆగిపోయావు?" అన్న ప్రశ్నకు జవాబు రాయించండి. చేతిరాత గుర్తుపట్టినా ఎవరు రాశారని ఆరా తీయకండి. ఒక్కసారి అడిగితే తర్వాతి చీటీలన్నీ ఖాళీగా వస్తాయి. ఎక్కువమంది రాసిన ఒక్క అంశాన్ని ఎంచుకుని, మర్నాడు "చీటీల్లో ఇది ఎక్కువగా వచ్చింది, అందుకే ఇంకోలా చెబుతున్నా" అని చెప్పి మొదలుపెట్టండి.