బ్యాటరీ డౌన్ అయిన కారును జంప్‌స్టార్ట్ చేయడం ఎలా? నాలుగో క్లిప్పు దగ్గరే జాగ్రత్త

సంక్రాంతికి ఊరెళ్లి పది రోజుల తర్వాత తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున ఆఫీసుకు బయల్దేరుదామని సెల్లార్‌లోకి దిగి తాళం తిప్పితే కారు ‘టక టక టక’ అని ఊరుకుంది. డ్యాష్‌బోర్డు లైట్లు వెలిగినట్టే వెలిగి మసకబారాయి. వాచ్‌మన్ వచ్చి చూసి, "సెల్ఫ్ తీసుకోవట్లేదు సార్, బ్యాటరీ డౌన్" అని తేల్చేశాడు. పక్క ఫ్లాట్ ఆయన తన కారు తెచ్చి ముందు నిలబెట్టాడు, కేబుల్ కూడా ఆయన దగ్గరే ఉంది. ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి అంటూ గబగబా తగిలించేశాడు. నాలుగో క్లిప్పు నా బ్యాటరీ మైనస్‌కి ఆనిందో లేదో, చిటపటమని నిప్పురవ్వలు లేచాయి. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఏం కాగలదో తర్వాత తెలుసుకున్నాక మాత్రం కాస్త వణుకు పుట్టింది.

జంప్‌స్టార్ట్ అంటే పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకోవడం లాంటిదే. ఆ నిప్పుతో మన పొయ్యి అంటుకుంటుంది, వంట మాత్రం మన కట్టెలతోనే చేసుకోవాలి. ఇంజిన్ ఒక్కసారి అందుకుంటే మిగతా పని మన కారులోని ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే యంత్రం, చూసుకుంటుంది.

ముందు జబ్బేమిటో చూడండి

తాళం తిప్పితే టకటకమని వరసగా చప్పుడు రావడం, లైట్లు మసకబారడం, హారన్ గొంతు పోయినట్టు మోగడం బ్యాటరీ డౌన్ అయిందనడానికి గుర్తులు. ఇంజిన్ గిర్రున బాగానే తిరుగుతూ అందుకోకపోతే సమస్య పెట్రోలుదో, డీజిలుదో, మరొకటో అయ్యుంటుంది. దానికి జంప్‌స్టార్ట్ పనికిరాదు. ఆటోమేటిక్ కారైతే గేరు పార్కింగ్‌లో ఉందో లేదో కూడా చూడండి. డ్రైవ్‌లో వదిలేసి బ్యాటరీ పోయిందని కంగారుపడేవాళ్లు తక్కువేం లేరు.

తర్వాత బానెట్ ఎత్తి టెర్మినళ్లు, అంటే బ్యాటరీ మీది ప్లస్, మైనస్ కొమ్ములు చూడండి. వాటికి వైరును పట్టి ఉంచే క్లాంపు చేత్తో కదిలిస్తే కదులుతోందా? తెల్లగానో పచ్చగానో బూజులాంటిది పట్టిందా? చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది. 10 నంబరు పానాతో క్లాంపు బిగిస్తేనే కారు స్టార్టయిపోవచ్చు. పానా రెండు టెర్మినళ్లకీ ఒకేసారి తగలకుండా మాత్రం చూసుకోండి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక. పూర్తి ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే.

బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, యాసిడ్ కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా దాని జోలికి వెళ్లకండి, మెకానిక్‌ను పిలవండి. అమెరికాలోనో కెనడాలోనో చలికాలంలో ఉన్నవాళ్లు మరొకటి గమనించాలి. ఖాళీ అయిన బ్యాటరీలో యాసిడ్ నీళ్లలా పలచబడి మంచుకి గడ్డకడుతుంది. అలా గడ్డకట్టిన బ్యాటరీని జంప్‌స్టార్ట్ చేస్తే పేలొచ్చు.

ఎవరి సాయం తీసుకోవచ్చు?

హైవే మీద ఆగిపోతే ముందుగా ఆగేది లారీ డ్రైవరే. మంచి మనసుతో "మన బండికి తగిలించుకోండి అన్నా" అంటాడు. దండం పెట్టి వద్దని చెప్పండి. లారీలు, బస్సుల్లో మామూలుగా రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు వాడతారు. మన కార్లవి 12 వోల్టులు. లారీకి తగిలిస్తే కారులోని కంప్యూటర్ నుంచి మ్యూజిక్ సిస్టమ్ దాకా ఏది మిగులుతుందో చెప్పలేం. ఊళ్లో ఉంటే ట్రాక్టర్ అక్కరకొస్తుంది. దానిది సాధారణంగా 12 వోల్టులే, బ్యాటరీ కూడా పెద్దది. ఎందుకైనా మంచిది, బ్యాటరీ మీద రాసినది చదివాకే మొదలుపెట్టండి. బైకు బ్యాటరీ సరిపోదు. సాయం చేసేది హైబ్రిడ్ కారో, ఎలక్ట్రిక్ కారో అయితే దాని మాన్యువల్‌లో ఒప్పుకుంటేనే ముందుకెళ్లండి. అలాంటి చాలా కార్లు పక్క కారుకు కరెంటు ఇవ్వకూడదు.

కేబుల్ గురించి రెండు మాటలు. ‘1000 ఆంప్స్’ అని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసి, లోపల సన్నటి అల్యూమినియం తీగ పెట్టి అమ్మేవి బజారు నిండా ఉన్నాయి. పైనున్న రబ్బరు లావు చూసి మోసపోకండి. లోపలి రాగి ఎంత మందం ఉందో అడగండి. చిన్న పెట్రోలు కారుకు 16 చదరపు మిల్లీమీటర్లు, డీజిల్ కారుకు 25 ఉంటే మంచిది. సన్న కేబులైతే వేడెక్కి కరిగిపోతుంది, కారు మాత్రం కదలదు.

చేయి పెట్టే ముందు

ఉంగరం, కడియం, ఇనుప గొలుసున్న వాచీ తీసేయండి. లోహపు గాజులైతే అవి కూడా. 12 వోల్టులకు షాక్ కొట్టదన్నది నిజమే. కానీ ప్లస్‌కీ, బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వందల ఆంపియర్ల కరెంటు పారి, క్షణంలో వేలు కాలిపోతుంది. చున్నీ, కండువా లాంటివి ఫ్యాన్‌కి అందకుండా దోపుకోండి. బీడీ, సిగరెట్, లైటర్ దగ్గరకు రానివ్వొద్దు. వెలుతురుకి ఫోన్ టార్చి చాలు.

రెండు కార్లూ కేబుల్ అందేంత దగ్గరగా ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. రెండిటికీ హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్, ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపేయండి. ఆగిపోయిన కారుకు ఒక అద్దం దించుకోండి. కరెంటు రాగానే సెంట్రల్ లాక్ తనంతట తానే పడిపోయి తాళం లోపల ఉండిపోతే అదో కొత్త టెన్షన్.

నాలుగు క్లిప్పులు, ఈ వరసలోనే

బ్యాటరీ మీద + గుర్తు వెతకండి. గుర్తు చెరిగిపోతే రెండు టెర్మినళ్లనూ పోల్చి చూడండి, మామూలు కారు బ్యాటరీల్లో ప్లస్ కాస్త లావుగా ఉంటుంది. వైరు రంగును ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎవరు ఏ టేపు చుట్టారో చెప్పలేం.

1. ఎర్ర క్లిప్పు ఒకటి ఆగిపోయిన కారు ప్లస్‌కి.

2. రెండో ఎర్ర క్లిప్పు సాయం చేసే కారు ప్లస్‌కి.

3. నల్ల క్లిప్పు ఒకటి సాయం చేసే కారు మైనస్‌కి.

4. మిగిలిన నల్ల క్లిప్పు ఆగిపోయిన కారు ఇంజిన్‌కి. బ్యాటరీకి కాదు. ఇంజిన్ మీద రంగు వేయని లావుపాటి బోల్టు, ఇంజిన్‌ను ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కెం లాంటిది చూసుకోండి. బ్యాటరీకి మూరెడు దూరమైనా ఉంటే మంచిది. ప్లాస్టిక్ మూతకి, పెట్రోలు పైపుకి, తిరిగే భాగాలకి పెట్టొద్దు. కొన్ని కార్లలో ఎర్త్ కోసమే ప్రత్యేకంగా ఒక బోల్టు ఇస్తారు, అది ఎక్కడుందో మాన్యువల్‌లో ఉంటుంది.

ఈ నాలుగోదాని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, సర్క్యూట్ పూర్తయ్యేది దీనితోనే. నిప్పురవ్వ లేస్తే లేచేదీ ఇక్కడే. బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు యాసిడ్‌లోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు బయటికొస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ వాయువు కొద్దో గొప్పో బ్యాటరీ చుట్టూ, లోపలా ఉంటుంది. రవ్వ దానిపక్కనే లేచి అంటుకుంటే పెట్టె పగిలి యాసిడ్ ముఖాన పడుతుంది. రవ్వను ఆపలేకపోయినా దాన్ని దూరంగా లేపడం మన చేతిలో పని. గాలి ఆడని సెల్లార్లలో ఇది మరీ ముఖ్యం. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యూజులు, ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, ఒక్కోసారి కారు కంప్యూటర్ కూడా కాలిపోతాయి. అందుకే నాలుగో క్లిప్పు పెట్టే ముందు మిగతా మూడింటినీ ఇంకోసారి చూసుకోండి.

ఇప్పుడు స్టార్ట్ చేయండి, తొందరపడకుండా

కేబుళ్లు ఫ్యాన్‌కీ, బెల్టుకీ అడ్డం రాకుండా సర్ది, సాయం చేసే కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వండి. చాలామంది ఈ ఐదు నిమిషాలు ఓపిక పట్టలేకే ‘కేబుల్ పనిచేయట్లేదు’ అంటారు. తర్వాత ఆగిపోయిన కారు తాళం తిప్పండి. ఒక్కోసారి ఐదారు సెకన్లకు మించి తిప్పొద్దు. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. క్లిప్పులు కాస్త అటూ ఇటూ తిప్పి లోహాన్ని గట్టిగా పట్టుకున్నాయో లేదో చూడండి. నాలుగైదు సార్లకీ కాకపోతే ఇక సెల్ఫ్ మోటార్‌ను బాధపెట్టకండి.

స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచి, బ్లోయర్ ఆన్ చేసి, క్లిప్పులు తీయండి. ఆన్ చేసిన బ్లోయర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగరకుండా కొంత ఆపుతుంది. తీసేటప్పుడు వరస తలకిందులు, అంటే నాలుగోది ముందు, మొదటిది చివర. తీసిన క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వొద్దు.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

మాన్యువల్ గేరు కారైతే చేయొచ్చు. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరులో క్లచ్ తొక్కి ఉంచి, ఇద్దరు ముగ్గురు తోస్తున్నప్పుడు క్లచ్ వదలాలి. ఇంజిన్ అందుకునేదాకా బ్రేకు, స్టీరింగ్ రెండూ గట్టిగా ఉంటాయి. కాబట్టి వాలు ఉన్న ర్యాంపు మీద, ట్రాఫిక్‌లో ఈ సాహసం వద్దు. ఆటోమేటిక్ కార్లను, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తానే మార్చుకునే) కార్లను ఎంత తోసినా మనకు ఆయాసమే మిగులుతుంది.

ఆ తర్వాత

వెంటనే ఆపేయకండి. ముప్పై, నలభై నిమిషాలు రోడ్డు మీద నడపండి. నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే పెద్దగా ఛార్జ్ కాదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 13 కూడా రాకపోయినా, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు ఆరకపోయినా తప్పు ఆల్టర్నేటర్‌ది కావచ్చు. అప్పుడు షికారుకు కాదు, నేరుగా షెడ్డుకే వెళ్లండి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ ఒక్క ప్రయాణంతో నిండదు. బ్యాటరీ షాపులో రాత్రంతా ఛార్జింగ్ పెట్టించుకోవడం మేలు.

మన ఎండల్లో కారు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తే వచ్చినట్టు. వేసవి వేడికి లోపల దెబ్బతిని, వర్షాకాలంలోనో చలికాలంలోనో చేతులెత్తేస్తుంది. మా బ్యాటరీకి అప్పటికి రెండేళ్లే. షాపులో పరీక్షిస్తే బాగానే ఉందన్నారు. వెతగ్గా వెతగ్గా దొరికిన దొంగ, నేనే బిగించుకున్న డ్యాష్‌క్యామ్. కారు ఆపినా అది రాత్రింబవళ్లు రికార్డు చేస్తూనే ఉందట. ఇప్పుడు ఊరెళ్లే ముందు దాని ప్లగ్గు పీకేసి వెళ్తున్నాం.