పాత లైకాలో ఫిల్మ్ ఇరుక్కోకుండా

అడుగు మూత తీసి ఫిల్మ్ ఎక్కించే లైకా త్రీ, జోర్కీ వన్ లాంటి కెమెరాల్లో ఇప్పటి రోల్ పెడితే అంచు లోపల ఇరుక్కుంటుంది. నాకు రెండు రోల్స్ అలాగే పోయాయి. కారణం, రోల్ మొదట్లో ఉండే సన్నటి నాలుక మరీ పొట్టిగా ఉండటమే. ఇంట్లో కత్తెరతోనే, అదే గీతలో పొడిగిస్తూ నాలుకను 10 సెంటీమీటర్లు చేయండి. చివర కోత మెల్లగా వంపు తిరగాలి, ఫిల్మ్ అంచున ఉండే రెండు రంధ్రాల మధ్య నుంచే పోవాలి. రంధ్రం తెగితే అక్కడే చిరిగి, ముక్క షట్టర్‌లో పడుతుంది. ముందు నాలుకను ఫిల్మ్ చుట్టుకునే ఖాళీ స్పూల్‌కి తగిలించి, స్పూల్, రోల్ రెండూ కలిపి కెమెరాలోకి దించండి. వైండ్ చేస్తుంటే రీవైండ్ నాబ్ వెనక్కి తిరిగితే ఎక్కినట్టే. వెనక మూత మొత్తం ఊడొచ్చే ఫెడ్ టూ లాంటి వాటికి ఈ తంటా అక్కర్లేదు.