కాలిన పాత మేడలోకి సాయానికి వెళ్లేముందు

మొన్న చెన్నై జార్జ్‌టౌన్‌లో ఒక పాత మేడ అంటుకున్నప్పటి నుంచి ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ఆదివారం పొద్దున్నే చీపుర్లూ బకెట్లూ పట్టుకుని అందరం వెళ్దాం. వెళ్లండి, మనుషులు కావాల్సిందే. మాస్కు, బూట్లు, చేతిజోళ్ల సంగతి మీకు తెలిసిందే, వాటి మీద ఇక్కడ కాలం వృథా చేయం. ప్రాణం తీసే తప్పు ఒకటుంది. మిద్దె మీదికి ఎక్కడం.

వానలొస్తున్నాయి, ఈలోగా టార్పాలిన్ కప్పేయాలన్న తొందరలో నలుగురు కుర్రాళ్లు పైకెక్కుతారు. పాత మేడల దగ్గర మంటలు ఆరాక ఇలాంటి మంచి పనుల్లోనూ మనుషులు పోవచ్చు. 2012 జనవరిలో చేపాక్‌లో కలస మహల్ అనే పాత భవనం కాలినప్పుడు మంటలార్పబోయి శిక్షణ పొందిన అగ్నిమాపక అధికారే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక మనమెంత?

ఆ కప్పు ఎలా కట్టారో తెలిస్తే ఎక్కబుద్ధి కాదు. చెన్నపట్నం పాత మేడల్లో చాలావాటికి మద్రాస్ టెర్రసే. టేకు దూలాల మీద పలుచటి చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. పైన మూడు నాలుగు అంగుళాల ఇటుకజల్లి సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిసతో కొడతారు, దాని మీద పెంకులు పరుస్తారు. పొడిగా ఉన్నప్పుడే చదరపు అడుగుకు 30 కిలోల పైమాట. ఫైరింజన్ నీళ్లు పడ్డాక ఇటుక తన బరువులో ఏడో వంతు దాకా నీరు తాగుతుంది. అంటే దూలానికి బలం తగ్గిన రోజునే దాని మీద బరువు పెరుగుతుంది.

దూలం చూడ్డానికి బాగానే ఉంటుంది, మోసమంతా అక్కడే. టేకు నిమిషానికి అర మిల్లీమీటరు చొప్పున మాత్రమే బొగ్గవుతుంది, కాబట్టి పైన నల్లబడ్డా నడిమి భాగాన్ని సుత్తితో కొడితే గట్టిగానే మోగుతుంది. కానీ బరువంతా గోడలోకి దిగిన చివర మీద ఉంటుంది. ఏళ్ల తరబడి చెమ్మా చెదలూ తిన్న చోటు అది. నిప్పు ఆ గూట్లోకి దూరితే రెండు మూడు రోజులు లోపల్లోపలే రాజుకుంటూ ఉంటుంది. కింద నిలబడి చూస్తే కనిపించదు. తర్వాత్తర్వాత ఇనుప గర్డర్లు వేసిన మేడయితే ఇంకో చిక్కు. 20 అడుగుల గర్డరు 500 డిగ్రీలకు వేడెక్కితే అంగుళం పైన సాగి గోడను బయటికి నెడుతుంది. చల్లారాక తను వెనక్కి వస్తుంది, గోడ రాదు. ఇక ఆ గర్డరు దేని మీద ఆనుతున్నట్టు?

అందుకని మిద్దె ఎక్కొద్దు. దాని కిందా నిలబడొద్దు. స్ట్రక్చరల్ ఇంజినీరూ, సున్నపు మిద్దెలు విప్పి కట్టిన మేస్త్రీ ఇద్దరూ చూసి ఏ గదిలోకి వెళ్లొచ్చో సుద్దముక్కతో గుమ్మం మీద రాయాలి. రాయని గది మూసినట్టే లెక్క.

వానకు కప్పాలంటే బయటి నుంచే. నేల మీద నిలబడే సరుగుడు కర్రల పందిరి, మేడకంటే ఎత్తుగా, వాలుగా, దాని మీద టార్పాలిన్. పిట్టగోడకు తాడు కట్టొద్దు, గాలికి టార్పాలిన్ ఎగిరితే గోడ ఊడి వస్తుంది. లోపల ఊతం పెట్టాల్సి వస్తే కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి, కింద పలకలు వేసి, కింది అంతస్తు ఊతం మీదికే పై అంతస్తు ఊతం సరిగ్గా నిలువునా రావాలి. పై అంతస్తులో మాత్రమే పెట్టిన ఊతం బరువును కింది కప్పు మీదకు తోస్తుంది.

శిథిలాల సంగతి. మొదటి రోజే లారీ పిలవకండి. గచ్చును గళ్లుగా గీసి, ఏ గడిలో ఏం పడిందో ఫొటో తీశాకే కదపండి. సగం కాలిన దూలం, బందు, పెంకు, కార్నిసు ముక్క, ఇవే రేపు మళ్లీ కట్టడానికి నమూనాలు. కలస మహల్ మళ్లీ లేచి నిలబడింది. 1985 మేలో కాలిన మూర్ మార్కెట్ మిగల్లేదు, సెంట్రల్ స్టేషన్ దగ్గర దాని చిన్న నమూనా బొమ్మ మాత్రం ఉంది. పాత కలప వ్యాపారి తొలిరోజే వస్తాడు, మర్యాదగా మాట్లాడతాడు, చెత్త ఉచితంగా ఎత్తుకెళ్తానంటాడు. వద్దనండి.

తడిసిన పుస్తకాలకు గడువు రెండు రోజులు, ఆ తర్వాత బూజు. ఎండలో పరచొద్దు, అట్టలు వంకర్లు పోతాయి. ఫ్యాను గాలికి, నీడలో. ఎక్కువుంటే ప్లాస్టిక్ సంచుల్లో కట్టి మైనస్ 20 డిగ్రీల కోల్డ్ స్టోరేజీకి పంపండి, ఆరబెట్టడం తర్వాత చూసుకోవచ్చు. అంటుకున్న నున్నటి కాగితాన్నీ తాటాకునీ విడదీయబోవద్దు. ఎగ్మూరు మ్యూజియంలో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఉంది, వాళ్లను అడగండి.

ఇక మిగతావి.

మసి గోడకు తడిగుడ్డ పెట్టొద్దు. జిడ్డు మసి సున్నంలోకి దిగితే ఇక పోదు. పొడి రబ్బరు స్పాంజితో ఒకే దిశలో తుడవండి.

మసి మీద వెల్ల వేయొద్దు.

సిమెంటు పూత అసలే వద్దు. తడిసిన గోడ ఆరడానికి అంగుళానికి నెల చొప్పున లెక్క. సిమెంటు ఆ తడిని లోపలే బంధిస్తుంది, ఉప్పు పూసి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది.

ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు ఫ్యూజు తీశారని నమ్మి ఊరుకోకండి. ఇన్వర్టరు బ్యాటరీ కూడా తీయించండి.

విరిగిన ఆస్బెస్టాస్ రేకుల్ని ఊడ్చొద్దు.

ఇన్సూరెన్స్ సర్వేయరు రాకముందు ఏదీ అమ్మొద్దు.

గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టండి. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చారో లేదో అదొక్కటే చెబుతుంది.

పిల్లల్ని తేవొద్దు.

సెల్ఫీకి కూడా మిద్దె ఎక్కొద్దు.

వాన మొదలైతే లోపలి పని ఆపి అందరూ రోడ్డు మీదికి రండి. టార్పాలిన్ జారిందని ఎవరైనా పైకి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని లాగండి.