ఆపెన్‌ట్సెల్ బీబర్ – పాఠం 2: ఎలుగు బొమ్మ చెదరకుండా అచ్చు నుంచి ఓవెన్‌కు

బీబర్ అంటే లోపల బాదం పూర్ణం, పైన అచ్చు బొమ్మ ఉండే తేనె, మసాలాల రొట్టె. పాఠం 1లో కలిపిన ముద్ద కొలతలు మరోసారి చూసుకోండి: మైదా 400 గ్రాములు, తేనె 300, పంచదార 50, పాలు 40 మిల్లీలీటర్లు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు, అనాసపువ్వు, జాజికాయ కలిపిన పొడి 10 గ్రాములు, వంట సోడా 4 గ్రాములు. అది కనీసం ఒక రాత్రి చల్లని చోట ఊరి ఉండాలి. వేలితో నొక్కితే గుంట అలాగే నిలవాలి, వేలికి అంటుకోకూడదు. అంటుకుంటుంటే మైదా చల్లకండి, ఇంకో గంట ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడితే తేనె బిగుసుకుని ముద్ద తనంతట తానే గట్టిపడుతుంది. పైన చల్లిన మైదా మాత్రం కాలిన తర్వాత తెల్లని మచ్చలై మిగులుతుంది.

బీబర్ మీద సెంటిస్ కొండ, ఆవులు తోలుకెళ్లే కాపరులు, ఊరి దృశ్యాలు ఎన్నో కనిపిస్తాయి. మనం ఎలుగుబంటినే నేర్చుకుందాం, ఎందుకంటే తూర్పు స్విట్జర్లాండ్‌లోని ఆపెన్‌ట్సెల్ అనే ఈ కొండసీమ కథ దానితోనే మొదలవుతుంది. 612 ప్రాంతంలో ఐర్లాండ్ సన్యాసి గాలుస్ ష్టైనాఖ్ వాగు దగ్గర అడవిలో రాత్రి బస చేశాడట. తిని వదిలిన మెతుకుల కోసం ఎలుగుబంటి వచ్చింది. గాలుస్ దానికి భయపడకుండా, నిప్పులో కట్టెలు వేయమని ఆజ్ఞాపించాడు. అది వేసింది. బదులుగా ఒక రొట్టె ఇచ్చి, ఇక కొండల్లోకి వెళ్లిపొమ్మన్నాడు. ఆ చోటే తర్వాత సాంక్ట్ గాలెన్ మఠం, పట్టణం వెలిశాయి. మఠాధిపతుల ఏలుబడిని ఎదిరించి 1400ల మొదట్లో యుద్ధాలు చేసిన ఆపెన్‌ట్సెల్ వాళ్లు కూడా తమ గుర్తుగా అదే ఎలుగును ఉంచుకున్నారు.

అచ్చు కొనేటప్పుడు ఈ తేడా చూడండి. మెడలో పట్టీ ఉంటే అది సాంక్ట్ గాలెన్ ఎలుగు, లేకపోతే ఆపెన్‌ట్సెల్‌ది. ఈ గుర్తుల విషయంలో అక్కడి వాళ్ల పట్టింపు ఎంతటిదంటే, 1579లో సాంక్ట్ గాలెన్‌లో అచ్చయిన క్యాలెండర్‌లో ఆపెన్‌ట్సెల్ ఎలుగును మగ అవయవం లేకుండా వేసినందుకు యుద్ధం దాకా వెళ్లబోయారు. అచ్చులో ఉన్న గీత ఏదీ బీబర్ మీద పోగొట్టకూడదన్నదే ఈ పాఠంలో మన పట్టుదల.

ముందు బాదం పూర్ణం. పొట్టు తీసి బాగా ఆరబెట్టిన బాదం 120 గ్రాములు, పంచదార 90 గ్రాములు కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. బాదాన్ని ఒంటరిగా తిప్పితే నూనె వదిలి ముద్దకడుతుంది. పంచదార తోడుంటే ఆ నూనెను పీల్చుకుంటుంది. ఒక నిమ్మకాయ పై పచ్చతొక్క తురుము, నీళ్లు 30 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా చేర్చండి. పూర్ణం మెత్తదనం పిండిముద్ద మెత్తదనంతో సమానంగా ఉండాలి. పల్చగా ఉంటే ఓవెన్‌లో ఆవిరి పుట్టి అంచు చీల్చుకుని బయటికొస్తుంది.

ముద్దలో మూడింట రెండు వంతులు తీసుకోండి. 15 సెంటీమీటర్ల బీబర్లు మూడు వస్తాయి. అడుగు పొర 3 మిల్లీమీటర్లు, పై పొర 5 మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. బొమ్మ పడేది పై పొర మీదే కాబట్టి దానికి మందం కావాలి.

పియర్ చెక్క అచ్చులో బియ్యప్పిండి జల్లి, బోర్లించి తట్టి, మిగులును పూర్తిగా దులిపేయండి. నూనె రాయవద్దు, సన్నని గీతల్లో నిలిచి గోళ్లు, బొచ్చు గీతల్ని మాయం చేస్తుంది. పై పొరను అచ్చు మీద పరిచి నడుమ నుంచి అంచులకు బొటనవేలితో నొక్కుతూ పోండి. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గాలి చిక్కి ఎలుగు పొట్ట మీద బుడగ లేస్తుంది. తీసేటప్పుడు పిండిని లాగకండి. అచ్చును బోర్లించి దాని అంచును బల్లకు తట్టండి, పొర దానంతట అదే జారుతుంది.

అడుగు పొర మీద 60 గ్రాముల పూర్ణం పరవండి, చుట్టూ ఒకటింబావు సెంటీమీటర్ వదలండి. ఆ అంచుకు నీళ్లు రాసి, బొమ్మ పొరను పైన పెట్టి, వేళ్లతో అంచు మాత్రమే అదమండి. ఆవిరి పోవడానికి పక్కల నుంచి సూదితో నాలుగైదు చోట్ల గుచ్చండి, బొమ్మ మీద గుచ్చకండి. తర్వాత మూత లేకుండా గంటసేపు ఆరనివ్వండి. పైన పల్చని పొర కడుతుంది, అదే వేడిలో గీతల్ని పట్టి ఉంచుతుంది. తొందరలో ఈ గంటను వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా.

బొమ్మ ఉబ్బి చెదిరిపోతే చాలాసార్లు కారణం సోడా ఎక్కువ కావడమే. పాత పద్ధతిలో సోడాకు బదులు అమ్మోనియా ఉప్పు (అమ్మోనియం కార్బొనేట్), పొటాష్ (పొటాషియం కార్బొనేట్) అనే రెండు క్షారాలు వాడతారు. మొదటిది పిండిని పైకి లేపుతుంది, రెండోది పక్కలకు పరుస్తుంది. ఆ రెండింటినీ విడివిడిగా కరిగించి కలపాలి. అమ్మోనియా వాడితే పచ్చి ముద్ద రుచి చూడకండి.

ఓవెన్‌ను 180 డిగ్రీలకు వేడిచేసి నడి అరలో 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. తేనె పిండి అడుగు ఉన్నట్టుండి మాడుతుంది, కాబట్టి 13వ నిమిషం నుంచి ఒక మూల ఎత్తి చూస్తూ ఉండండి. నొక్కితే నెమ్మదిగా పైకి లేస్తే చాలు. గట్టిపడే వరకు ఉంచితే చల్లారాక రాయవుతుంది.

మెరుపు కోసం బంగాళాదుంప స్టార్చ్ 20 గ్రాములను పొడి మూకుడులో సన్నని మంట మీద లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి చల్లార్చండి. 150 మిల్లీలీటర్ల చన్నీళ్లలో కలిపి, అడుగంటకుండా కలుపుతూ పారదర్శకం అయ్యేదాకా మరిగించండి. వేయించిన స్టార్చ్ జిగురుకట్టకుండా పల్చగా పరుచుకుంటుంది. ఓవెన్ నుంచి తీసిన వెంటనే, వేడి బీబర్ మీద వేడిగానే కుంచెతో ఒక్క పూత వేయండి. చల్లారాక పూస్తే తెల్లగా పొరకడుతుంది, గీతల్లో గడ్డలు నిలుస్తాయి.

మొదటి రోజు బిరుసుగా ఉంటుంది. డబ్బాలో పెట్టి మూడు రోజులు ఆగితే తేనె గాలిలోని తడిని తీసుకుని మెత్తబడుతుంది. మిగిలిన ముద్దను, పూర్ణాన్ని పారేయకండి, కట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వచ్చే పాఠంలో బొమ్మ లేని, కోసి చేసే చిన్న బీబర్లీలకు అవే కావాలి.