స్కూపు లెక్క కన్నా ఏడు డబ్బాల లెక్క మేలు

చెన్నై ఉక్కకి ప్రోటీన్ పౌడర్ డబ్బా తెరిచిన కొన్నాళ్లకే గడ్డలు కడుతుంది. స్కూపు ఓ రోజు నిండుగా, ఓ రోజు వెలితిగా వస్తుంది. పొద్దున వేసుకున్నామా లేదా అన్నది సాయంత్రానికి గుర్తుండదు.

ఆదివారం ఏడు చిన్న స్టీలు డబ్బాలు తడి లేకుండా తుడిచి పెట్టుకోండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద, లేబుల్ చెప్పిన గ్రాముల ప్రకారం వారానికి సరిపడా పౌడర్ తూచండి. క్రియాటిన్ (వ్యాయామంలో బలం కోసం తీసుకునే పౌడర్) వాడేవాళ్లు, రోజుకి 3 గ్రాముల చొప్పున 21 గ్రాములు ఒకేసారి తూచి అందులో కలపండి. ఎందుకంటే ఇంట్లో త్రాసులు చాలావరకు 3 గ్రాములంత చిన్న తూకం సరిగ్గా చూపించవు. బాగా కలిపాక సమానంగా ఏడు డబ్బాల్లోకి తూచి సర్దండి.

ఒక్కో డబ్బాలో రోజు పేరు రాసిన చిన్న చీటీ కూడా వేయండి. పౌడర్ తాగాక ఆ రోజు చేసింది దాని మీద రాయండి: 'స్క్వాట్స్ 40 కిలోలు, 3 సెట్లు', 'బెసంట్ నగర్ బీచ్‌లో 40 నిమిషాల నడక'. శనివారం ఖాళీ కాని డబ్బాలు చూస్తే ఏ రోజు తప్పిందో తెలిసిపోతుంది. నాకైతే ఏ యాప్ కన్నా ఇదే నచ్చింది.

నెలకి సరిపడా మాత్రం ఒకేసారి సర్దొద్దు, చిన్న డబ్బాల్లోనూ చెమ్మ చేరుతుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.