ఎల్ టాటియోకి తెల్లారకముందే చేరండి

చిలీలోని ఎల్ టాటియో వేడినీటి బుగ్గలు, ఆవిరి ఎగజిమ్మే చోటు; దాదాపు 4,300 మీటర్ల ఎత్తు. ముందు శాన్ పెద్రో దె అటకామా అనే ఊళ్ళో రెండు రోజులు ఆగి ఎత్తుకి ఒళ్ళు అలవాటు చేసుకోండి. నేను దిగిన మర్నాడే ఎగబడి వెళ్ళి, తలపోటుతో సగం సేపు వ్యాన్‌లోనే కూర్చున్నా.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. గడ్డకట్టే చలికి ఆవిరి తెల్లటి స్తంభాల్లా లేస్తుంది, ఎండెక్కితే పలచబడుతుంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్ళు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. అంతేగా అనుకోకండి, చర్మం ఊడొస్తుంది!

బుగ్గల అంచున బొడిపెలు బొడిపెలుగా బూడిదరంగు పెంకు కడుతుంది. అది నీళ్ళు వదిలిన సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజమే. కింద గుల్ల ఉండొచ్చు, రాళ్ళ హద్దు దాటొద్దు. కాలువల్లో నారింజరంగు జిగురు చూసి తుప్పనుకున్నా; వేడిలో బతికే సూక్ష్మజీవులట.